ఉన్నట్టు చెప్పబడిన తొమ్మిది వేల ఆటలు

వీడియో గేములు తయారుచేసే కంపెనీల మీద నా అభిప్రాయం ఎవరైనా అడుగుతారేమోనని చాలా ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను. ఎవరూ అడగలేదు. నా వయసు ఆడమనిషిని మోకాళ్ల నొప్పులకి ఏం వాడుతున్నారని అడుగుతారు గాని, పెద్ద కంపెనీలు మూడింటిలో ఏది నయమని అడగరు. అందుకని అడక్కుండానే చెప్పేస్తాను. మూడూ మూడే. ఒకడు ఆరేడేళ్లకోసారి కొత్త పెట్టె తెచ్చి, పాత పెట్టెలో ఆడిన ఆటలు ఇందులో ఆడవంటాడు. ఇంకొకడు ముప్పై ఏళ్ల కిందటి ఆటనే తుడిచి, దులిపి మళ్లీ కొత్త ధరకి అమ్ముతాడు. మూడోవాడు ఆటలన్నీ నెల అద్దెకి ఇస్తానంటాడు. తీరా నేను సగం దాకా వచ్చేసరికి ఆ ఆటని జాబితాలోంచి పీకేస్తాడు. మూడు పెట్టెలూ మా హాల్లోనే ఉన్నాయి. తిట్టడానికి నాకు హక్కు ఉంది కాబట్టే తిడుతున్నాను.

పోయిన నెల ఒక కొత్త ఆట కొన్నాను. డబ్బా బరువుగానే ఉంది. తెరిచి చూస్తే లోపల డిస్కు లేదు. ఒక చీటీ, దాని మీద ఒక కోడు ఉన్నాయి. ఆ కోడు కొట్టి, రెండు రోజులు డౌన్‌లోడ్ చేసుకున్నాక, ఆటలో మిగతా సగం ఇంకా తయారవుతోందనీ, అయ్యాక పంపిస్తామనీ తెర మీద రాసి వచ్చింది. కస్టమర్ కేర్‌కి రాయమని మా ఆయన సలహా ఇచ్చారు. నాకు నవ్వొచ్చింది. డబ్బా మీద రాసినదానికీ డబ్బాలో ఉన్నదానికీ చుట్టరికం ఉండనక్కర్లేదని నాకు పన్నెండో ఏటే తెలుసు. ఖరగ్‌పూర్‌లో, ట్రాఫిక్ అనే పేటలోని మా రైల్వే క్వార్టర్లో, మా నాన్న దగ్గర నేర్చుకున్నాను.

నాన్న గూడ్స్ ఆఫీసులో గుమాస్తా. రైల్లో వచ్చిన సరుకు తగ్గిందనో, తడిసిందనో, పగిలిందనో వర్తకులు అర్జీ పెడితే, గూడ్స్ షెడ్‌కి వెళ్లి బస్తాలు లెక్కపెట్టి, అర్జీ నిజమో కాదో రాసి ఇవ్వడం ఆయన పని. రైల్వే రసీదు మీద సరుకు పేరుకి ముందు ఇంగ్లీషులో ఒక మాట ఉంటుంది: సెడ్ టు కంటెయిన్. లోపల ఉన్నట్టు చెప్పబడినది, అని దానర్థం. పెట్టెలో గాజు గ్లాసులున్నాయని పంపినవాడు చెప్పాడు, మేము విన్నాము, అంతకుమించి మాకేమీ తెలీదు అని రైల్వేవారు ముందుగానే చేతులు దులుపుకునే మాట అది. నాన్నకి ఆ మాట బాగా ఒంటబట్టింది. గోల్‌బజార్ నుంచి సింగారాలు, అంటే అక్కడి సమోసాలు, తెస్తే, పొట్లం విప్పుతూ "సెడ్ టు కంటెయిన్ బంగాళాదుంప" అనేవాడు. ఒకసారి చర్చిలో ప్రసంగం అయ్యాక బయటికొస్తూ అదే మాట అని, ఇంటికొచ్చేదాకా అమ్మ చేత చీవాట్లు తిన్నాడు.

అమ్మ సండే స్కూలు టీచరు. ట్రాఫిక్‌లో తెలుగు పిల్లలు సగంమందికి అబద్ధం ఆడకూడదని నేర్పింది ఆవిడే. నేర్పి ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. తాను కూడా ఆడేది కాదు. ఎవరైనా కొత్త కోడల్ని చూపించి ఎలా ఉందమ్మా అని అడిగితే, ఎలా ఉందో అలాగే చెప్పేది. అందువల్ల మాకు పెళ్లి పిలుపులు ఆఖర్న వచ్చేవి. కొన్ని పెళ్లి అయిపోయాక వచ్చేవి.

ఆ ఏడు క్రిస్మస్‌కి మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, నాకోసం ఒక పెట్టె తెచ్చాడు. ఆయన నిమ్‌పురా యార్డులో పనిచేసేవాడు. కలకత్తా వెళ్లి, ఓడల్లో వచ్చిన విదేశీ సరుకు దొరికే ఖిదిర్‌పూర్‌లో బేరమాడి కొన్నాడు. పెట్టెలో ఒక బూడిదరంగు మిషను, వైర్లున్న రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, ఒక పసుపు క్యాసెట్ ఉన్నాయి. క్యాసెట్ అంటే పాటలది కాదు. ఆటలు ఉండే ఆ ప్లాస్టిక్ బిళ్లని మేమంతా క్యాసెట్ అనే అనేవాళ్లం. దాని మీద అతికించిన కాగితం మీద బొమ్మలకంటే పెద్ద అక్షరాల్లో 9999 ఇన్ 1 అని ఉంది.

నాన్న పెట్టెని ఎత్తి, తిప్పి, అడుగు చూసి, మూత చూశాడు.

"మూత మీద జపాన్ అనుంది. అడుగున తైవాన్ అనుంది. ఒక పెట్టెకి రెండు బుకింగ్ స్టేషన్లేటి?" అన్నాడు.

"అదంతా నాకు తెల్దు బావా. దుకాణం దాదా మంచిదని సెప్పినాడు," అన్నాడు మావయ్య.

"సెడ్ టు కంటెయిన్," అన్నాడు నాన్న.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "ఏట్రా ఇది?"

"టీవీకి తగిలించుకుని ఆడీ ఆటక్కా. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలు."

అమ్మ ఆ అంకెని మనసులో ఒకసారి అనుకున్నట్టుంది. "అన్ని ఆటలు ఆడితే ఇది సదువెప్పుడు సదువుతాది?"

మావయ్య మొహం చిన్నబోయింది. తమ్ముడు క్రిస్మస్‌కి తెచ్చింది తిప్పి పంపడానికి అమ్మకి మనసొప్పలేదు. అలాగని చాలా బాగుందని అనలేదు, ఎందుకంటే బాగుందని ఆవిడ అనుకోలేదు. అరగంట ఆలోచించి, భోజనాల దగ్గర తీర్పు చెప్పింది.

"రోజుకొక్క ఆట. ఆడిన ఆట మల్లీ ఆడకూడదు. అన్నీ అయిపోయిన్రోజు ఈ పెట్టె నీ ఇంటికొచ్చేస్తాది తమ్ముడూ. నువ్వేటి సేసుకుంటావో సేసుకో. ఠీక్ హై?"

"ఠీక్ హై," అన్నాడు మావయ్య.

నేను లెక్కల నోటుబుక్కు వెనక అట్ట మీద భాగహారం చేశాను. ఇరవై ఏడేళ్లు దాటుతోంది. నమ్మకం కుదరక మళ్లీ చేశాను. మళ్లీ ఇరవై ఏడే. నాకు ముప్పై తొమ్మిదేళ్లు నిండాక గాని ఆఖరి ఆట రాదు. ఈలోగా పెళ్లయితే పెట్టెని అత్తారింటికి తీసుకెళ్లొచ్చా అన్నది ఒక్కటే తేలని విషయం. అమ్మ అంత తెలివైన మనిషి ఇంత మెత్తటి షరతు ఎలా పెట్టిందా అని జాలిపడ్డాను కూడా.

"లెక్క మీరు రాయండి. దాని మాట నమ్మితే మనం పప్పులో కాలేసినట్టే," అని అమ్మ నాన్నకి పని అప్పగించింది.

నాన్న మర్నాడు ఒక పొడుగు రిజిస్టరు తెచ్చాడు. ఫారం మారిపోయిందని ఆఫీసులో పక్కన పడేసిన పుస్తకం. అందులో గళ్లు ముందే అచ్చయి ఉన్నాయి: సీరియల్ నంబరు, సరుకు వివరం, మార్కా, స్థితి, రిమార్కులు, సాక్షి. మార్కా అంటే వర్తకులు బస్తా మీద రంగుతో వేసే గుర్తు. ఒకడు త్రికోణం వేస్తాడు, ఒకడు పేరులో మొదటి అక్షరాలు వేస్తాడు. ఏ బస్తా ఎవరిదో షెడ్‌లో దాన్ని బట్టే చెప్పాలి. నాన్న రిజిస్టరుని ఒళ్లో పెట్టుకుని, కుర్చీ టీవీకి పక్కగా లాక్కుని, పెన్ను మూత తీసి కూర్చున్నాడు. నేను ఒకటి నొక్కాను.

ఒకటో ఆట ట్యాంకులది. నాన్న రాసింది నాకిప్పటికీ గుర్తుంది. "ట్యాంకులు, ఇటుక గోడలు. స్థితి: గోడలు పగిలినవి. రిమార్కులు: పగలగొట్టినది పాప." రెండో రోజు తుపాకీతో బాతుల్ని కొట్టే ఆట. "బాతులు. స్థితి: అన్నియు క్షేమము." ఐదో రోజు సింహం మీద కూర్చుని నిప్పు చక్రాల్లోంచి దూకే ఆట. "సింహము ఒకటి. స్థితి: కాలినది. రిమార్కులు: నాలుగు పర్యాయములు." ఏడో రోజు తెర మీద గీతలు తప్ప ఏమీ రాలేదు. క్యాసెట్ తీసి, నోటితో గట్టిగా ఊది, మళ్లీ పెట్టాను. వచ్చింది. "ఊదిన పిమ్మట సరిపడినది," అని రాశాడు.

ఆ మిషను గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. అది అసలు కంపెనీది కాదని, అసలుదాన్ని చూసి ఎవరో చేసిన నకలని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. తెలిసి బాధపడలేదు. అడాప్టర్ వేడెక్కితే తడిగుడ్డ మీద పెట్టేవాళ్లం. రిమోట్ బటన్ లోపలికి పోతే పిన్నీసుతో లేపేవాళ్లం. ఒకసారి అమ్మ పొరపాటున దాని మీద రసం ఒలకబోసింది. ఎండలో పెట్టాం, ఆడింది. ఇప్పుడు మా హాల్లో ఉన్న మూడింటిలో ఒకదాని రిమోట్‌లో మీట తనంతట తానే పక్కకి జరుగుతుంటుంది. తెర మీది నా మనిషి నేను చెప్పకుండానే వెళ్లి కొండ మీంచి దూకేస్తుంటాడు. ఇది సహజమేనని కంపెనీవాడు జవాబిచ్చాడు. రసం పోసి చూద్దామా అనిపించింది గాని, వారంటీ పోతుందని ఊరుకున్నాను.

ఇరవై ఒక్క రోజులు ఇరవై ఒక్క ఆటలు, దేనికదే కొత్తది. అంతకంటే సుఖమైన రోజులు నాకు చిన్నతనంలో లేవు. స్కూల్లో కూర్చుంటే సాయంత్రం ఏమొస్తుందా అన్న ఊహే పాఠానికి అడ్డం వచ్చేది.

ఇరవై రెండో రోజు ఇరవై రెండు నొక్కాను. ట్యాంకులు వచ్చాయి. అవే ఇటుక గోడలు, అదే టకటక. పొరపాటున ఒకటి నొక్కానేమోనని వెనక్కి వెళ్లి చూశాను. కాదు, ఇరవై రెండే. గబగబా ఇరవై మూడు పెట్టి చూశాను. బాతులు. యాభై పెట్టాను, పాతదే. ఐదు వేలు పెట్టాను, పాతదే. మళ్లీ ఇరవై రెండుకే వచ్చాను. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో నిజంగా ఉన్నవి ఇరవై ఒకటి. అంటే అమ్మ షరతు ప్రకారం ఆటలన్నీ నిన్నటితో అయిపోయాయి. ఈ సంగతి అమ్మకి తెలిస్తే ఈ సాయంత్రమే పెట్టె మావయ్య సైకిల్ మీద నిమ్‌పురా వెళ్లిపోతుంది. ఇరవై ఏడేళ్లనుకున్నది మూడు వారాల్లో ముగిసింది.

తెలియకుండా చేద్దామంటే పక్కన కూర్చున్నది ఎవరు? తగ్గిన సరుకు పట్టుకోవడమే ఉద్యోగంగా ఉన్న మనిషి. ఆవనూనె డబ్బాల లోడు ఒకటి వస్తే, రెండు డబ్బాలు తక్కువున్నాయని మూడు రోజులు షెడ్‌లోనే తిరిగి తేల్చిన మనిషి. ఆయన పెన్ను పట్టుకుని తెరవైపు చూస్తున్నాడు.

"ఇది ఒకటో నంబరు సరుకే గదా?" అన్నాడు.

"కాదు నాన్నా. అది ఒకటో స్టేజీ కాడ్నుంచి మొదలయ్యింది. ఇది మూడో స్టేజీ కాడ్నుంచి."

అది నిజమే. క్యాసెట్ చేసినవాడు అంతమాత్రం కష్టపడ్డాడు. ఒక్కో ఆటనీ ఒక్కోసారి ఒక్కో చోట మొదలయ్యేలా చేసి, దానికో కొత్త నంబరు ఇచ్చాడు. నాన్న కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, మళ్లీ చూశాడు. వంటింట్లో అమ్మ చేపలు వేయిస్తోంది. ఆయన వంటింటివైపు ఒకసారి చూసి, రిజిస్టరులోకి వంగి రాశాడు. నేను మెడ చాచి చదివాను. "ట్యాంకులు. మార్కా వేరు."

"ఒకే ఊరి ఉల్లిపాయలైనా మార్కా వేరైతే లెక్క వేరే. షెడ్‌లో అంతే," అన్నాడు నేనడక్కుండానే, గొంతు తగ్గించి.

ఆయన్ని మోసం చేశానా, లేక ఆయనే నా పక్షాన చేరాడా అన్నది నాకు తేలలేదు. తేల్చుకునే ఓపిక కూడా లేదు. పెట్టె ఇంట్లోనే ఉంది, అదే చాలు.

తర్వాత ప్రతిరోజూ అదే తంతు. సాయంత్రమయ్యేసరికి నాకంటే ముందే నాన్న టీవీ దగ్గర ఉండేవాడు. "టైమవతంది పాపా, రా," అని పిలిచేవాడు. నాకు బాతులంటే మొహం మొత్తి, ఒక రోజు మానేద్దామంటే ఒప్పుకోలేదు. నంబరు తప్పితే రిజిస్టరు పాడవుతుందన్నాడు. "మార్కా వేరు: ట్యాంకు నెమ్మది." "మార్కా వేరు: సింహము రెండవ చక్రము నుండి." "మార్కా వేరు: ప్రాణములు మూడుకు బదులు ముప్పది." నేను ఆడేది పది నిమిషాలు, ఆయన రాసేది అరగంట. అంతకుముందు షెడ్ నుంచి వచ్చేటప్పుడు చొక్కా నిండా గోనె పీచు, ఒంటి నిండా ఎండుమిరపకాయల ఘాటు. గుమ్మంలో నిలబడి తుమ్మేవాడు. ఆ చలికాలం నుంచి చొక్కా ఇస్త్రీ నలగకుండా, పొద్దుండగానే వచ్చేస్తున్నాడు. నాన్నకి ప్రమోషన్ వచ్చిందని, పెద్ద ఆఫీసర్లు ఇలాగే శుభ్రంగా ఉంటారని స్నేహితురాళ్లకి చెప్పాను. ఒకమ్మాయికైతే కారు కూడా వస్తుందని చెప్పాను.

"మార్కా వేరు" అన్న ఆ రెండు మాటలు గేముల పరిశ్రమ గురించి నేను చదివిన వ్యాసాలన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చాయి. ఏటా ఒక ఫుట్‌బాల్ ఆట వస్తుంది. అదే మైదానం, అదే గడ్డి, ఆటగాళ్ల జుట్టు మాత్రం కొత్తది, అట్ట మీద సంవత్సరం మారుతుంది. మార్కా వేరు. పాత ఆటకి రెండు టోపీలు, ఒక గుర్రం కలిపి గోల్డ్ ఎడిషన్ అంటారు. మార్కా వేరు. ఏడాది తిరక్కుండా ఆ గుర్రానికి జీను కలిపి సంపూర్ణ సంచిక అంటారు. మార్కా వేరు. మా అబ్బాయి ఇవన్నీ కొత్తవేనని వాదిస్తాడు. వాడు గూడ్స్ షెడ్ చూడలేదు. ఖిదిర్‌పూర్ క్యాసెట్ వాడిని నేను ఒక్క విషయంలో మెచ్చుకుంటాను: అంకె విషయంలో అబద్ధమాడాడు గాని, ఇచ్చిన ఇరవై ఒక్క ఆటలూ పూర్తిగా ఇచ్చాడు. మిగతా సింహం తర్వాత పంపిస్తానని చెప్పలేదు.

ఈస్టర్ దాటాక ఒక ఆదివారం, చర్చి అయ్యాక అమ్మ ఒక కుర్రాణ్ణి భోజనానికి తీసుకొచ్చింది. ఊరి చివర హిజ్లీలోని ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు, గుంటూరువైపు వాడు. తెలుగు మాటలు వినబడతాయని మా చర్చికి వచ్చేవాడు. అమ్మ "ఏటి బాబూ, సేపలు తింతావా?" అంటే ఒక్క క్షణం ఆలోచించి, అర్థమయ్యాక ఆనందంగా తలూపాడు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నాలుగోసారి పులుసు వేస్తూ అమ్మ, నా గురించి చెప్పుకోవడానికి మార్కులేమీ లేవు కాబట్టి, ఆటల గురించి చెప్పింది.

"మా పాప నూట ఇరవై ఆరు ఆటలు ఆడేసింది బాబూ. ఇంకా తొమ్మిది వేల సిల్లర ఉన్నాయి."

అతను టీవీ పక్కనున్న పసుపు క్యాసెట్ చూసి నవ్వాడు. "నూట ఇరవై ఆరా? అందులో అన్నెక్కడివి ఆంటీ? మహా అయితే ఇరవై ఉంటాయి. మిగతావన్నీ అవే తిప్పి తిప్పి చూపిస్తాడు. మా హాస్టల్లో ఒకదాన్ని విప్పి చూశాం కదా. లోపల చిప్‌లో అంత చోటే ఉండదు."

నాన్న మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. చేప ముల్లు ఆ ఇంజనీరు గొంతులో ఇరుక్కోవాలని దేవుణ్ణి గట్టిగా వేడుకున్నాను. అతను ఇంకో ముక్క వేసుకుని, చిప్ పనిచేసే విధానం వివరంగా చెప్పి, ఆంటీ వంట అమోఘమని మెచ్చుకుని, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

అమ్మ గిన్నెలు కూడా తీయలేదు. నేరుగా వచ్చి టీవీ ముందు చాప మీద కూర్చుంది. అన్నాళ్లలో ఆవిడ ఆట వైపు తలెత్తి చూడలేదు, లెక్క నాన్న చూస్తున్నాడన్న భరోసా. రిజిస్టరు అడిగి తీసుకుంది. వేలు పెట్టి కిందికి చదువుకుంటూ పోయింది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది.

"మార్కా వేరు, మార్కా వేరు, మార్కా వేరు. ఏటండీ ఇది?"

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒకటో నంబరు పెట్టవే," అంది నాతో.

పెట్టాను. ట్యాంకులు. కాసేపు చూసింది.

"ఇప్పుడు ఇరవై రెండు పెట్టు."

పెట్టాను. ట్యాంకులు. అమ్మ తెర చూడలేదు. నాన్నవైపు తిరిగింది.

"ఇవి రెండూ ఒకటేనా, వేరేనా? మీరు సెప్పండి. సరుకు సూసీది మీరే గదా."

మార్కా వేరని ఒక్క మాట అనమని మనసులోనే ఆయన కాళ్లు పట్టుకున్నాను. అప్పటిదాకా రిజిస్టరులో వందసార్లు రాసిన మాటే, నోటితో ఇంకోసారి అంటే సరిపోతుంది. కాని ఎదురుగా నిలబెట్టి అడిగితే తప్పు చెప్పడం ఆయనకి చేతకాదు. వర్తకులు నెయ్యి డబ్బాలు పంపినా రసీదు మీద అంకె మార్చని మనిషి.

"ఒకటే," అన్నాడు నాన్న. "ఉన్నవి ఇరవై ఒకటే. మూడు వారాల్లో అయిపోనాయి."

నాకు ఏడుపొచ్చేసింది. పెట్టె పోతోందన్న ఏడుపు అది, ఇంకే గొప్ప కారణమూ లేదు. నాన్న మీద అంత కోపం మళ్లీ ఎప్పుడూ రాలేదు.

"మరైతే ఇన్ని నెల్లు కూకుని ఏటి రాసినారు?" అంది అమ్మ.

నాన్న పెన్నుకి మూత పెట్టాడు. మూత తీశాడు. మళ్లీ పెట్టాడు.

"ఆఫీసులో రాయడానికేటీ నేదు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. విడి బస్తాలు, విడి పెట్టెలు తీసుకోవడం రైల్వేవారు మానేశారట. ఇప్పుడు బొగ్గో సిమెంటో రైలు నిండా ఒకటే సరుకు, ఒకటే రసీదు. బస్తాల మీద మార్కాలు చూసే పనే లేదు. షెడ్ సగం తాళం వేశారు. క్రిస్మస్ ముందు నుంచి ఆయన బల్ల మీదికి ఒక్క అర్జీ రాలేదు. వేరే సెక్షన్‌కి వెయ్యలేదు, పొమ్మని అనలేదు.

"జీతం ఇస్తన్నారు. పది గంటల కాడ్నుంచి కుర్సీలో కూకుని గోడ సూస్తన్నాను. పక్క సెక్షనోళ్లు టీ తాగడానికి పిలిసినా ఎల్లబుద్ది కావట్నేదు. ఇంటికొచ్చి ఇది రాస్తంటే, నానింకా గుమాస్తానేనని అనిపిస్తాది. అందుకు రాసినాను."

ఇదంతా రిజిస్టరు అట్టతో చెబుతున్నట్టు చెప్పాడు, మా మొహాలు చూడకుండా. నాన్న ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడగా నేను వినడం అదే మొదలు. ప్రమోషన్ వచ్చిందని, కారు వస్తుందని ఊరంతా చెప్పుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను. నలగని చొక్కా వేసుకుని ఇంటికొచ్చేటప్పుడు ఈయన దారిలో ఏమనుకునేవాడో అని మొదటిసారి అనిపించి, పెట్టె సంగతి కాసేపు మర్చిపోయాను.

అమ్మ ఇక లేచి మావయ్యకి కబురు పంపుతుందనుకున్నాను. లేవలేదు. చాప మీద ముందుకి జరిగి, టీవీకి జానెడు దూరంలో మొహం పెట్టింది.

"తరవాత నంబరెంత?" అని నన్ను అడిగింది.

"నూట ఇరవై ఏడు."

"పెట్టు."

పెట్టాను. మళ్లీ ట్యాంకులే. టకటకమని గోడలు కొడుతున్నాయి. అమ్మ కళ్లు చిన్నవి చేసి, బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు చూసినంత శ్రద్ధగా చూసింది. తర్వాత రిజిస్టరు తీసి నాన్న ఒళ్లో పెట్టింది.

"ఒకటో నంబర్లో ట్యాంకు పసుప్పచ్చగా ఉన్నాది. ఇది ఎర్రగా ఉన్నాది. ఇది వేరే ఆట. రాయండి."

మా ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ.

నాన్న తెర చూశాడు, అమ్మని చూశాడు. అమ్మ తల తిప్పుకోలేదు. "సాచ్చి సంతకం నాను పెడతాను. రాయండి," అంది.

నాన్న పెన్ను మూత తీసి, నూట ఇరవై ఏడో నంబరు వేసి, దాని పక్కన రంగు ఎరుపు అని రాశాడు.